పోటీ చేసే ఉద్యోగికి రక్షణ ఏదీ?

సంపాదకులు గారికి,

నమస్కారం.

విశ్వవిద్యాలయ ఉద్యోగులు తమ ప్రతినిధులను ఎన్నుకునే సందర్భాల్లో పత్రికలకు చేరే వార్తలు సాధారణంగా రెండే. ఫలానా వర్గం గెలిచిందన్నది ఒకటి, ఫలానా కార్యవర్గం ఏకగ్రీవంగా ఎన్నికైందన్నది మరొకటి. రెండో వార్తను మనం శుభవార్తగా చదువుతాం. ఖర్చు తప్పిందనీ, గొడవ లేకుండా పోయిందనీ, ఉద్యోగులంతా ఒక్క మాట మీద ఉన్నారనీ సంతోషిస్తాం. వందల మంది, కొన్నిచోట్ల వేల మంది పనిచేసే సంస్థలో పోటీకి రెండో మనిషి ఎందుకు ముందుకు రాలేదని మాత్రం ఎవరూ అడగరు. బోధనేతర విభాగంలో చాలాకాలంగా పనిచేస్తున్న ఉద్యోగిగా ఆ ప్రశ్నను మీ పాఠకుల ముందు పెట్టాలని ఈ లేఖ రాస్తున్నాను.

ఏకగ్రీవాలన్నింటినీ ఒకే గాట కట్టడం నా ఉద్దేశం కాదు. సహోద్యోగుల నమ్మకాన్ని ఏళ్ల తరబడి నిలబెట్టుకున్న వ్యక్తి మళ్లీ నిలబడినప్పుడు ఎదురు నిలవాలని ఎవరికీ అనిపించకపోవడం సహజం, అది ఆ వ్యక్తి సంపాదించుకున్న గౌరవం. అయితే ఒకటి తర్వాత ఒకటిగా ఎన్నికలన్నీ ఇలాగే ముగుస్తున్నప్పుడు, నామినేషన్ వేసినవారు ఉపసంహరణ గడువు దాటేలోపు ఒక్కొక్కరుగా తప్పుకుంటున్నప్పుడు, కొత్తగా చేరిన ఉద్యోగులు మనకెందుకు ఈ తలనొప్పి అని బాహాటంగానే చెప్పుకుంటున్నప్పుడు, దానిని ఐకమత్యమని పిలవడం నాకు న్యాయంగా తోచదు. పోటీ చేయడానికి జంకే వాతావరణంలో ఓటు హక్కు ఉన్నా, ఎంచుకోవడానికి రెండు పేర్లు ఉండవు.

ఆ జంకు ఎక్కడి నుంచి వస్తుందో ఉద్యోగులందరికీ తెలుసు. శాసనసభకు పోటీ చేసి ఓడిన అభ్యర్థి తన వృత్తికో వ్యాపారానికో తిరిగి వెళ్లవచ్చు, ఓటర్లలో ఎవరూ ఆ అభ్యర్థికి పై అధికారి కారు. ఉద్యోగుల ఎన్నికల్లో ఓడిన అభ్యర్థి మర్నాడు ఉదయం అదే సెక్షన్‌కు వెళ్లి, అదే అధికారి ఎదుట హాజరు పట్టీలో సంతకం పెట్టాలి. సీనియారిటీ జాబితా ఖరారు కాకుండా నానుతోందని, వైద్య ఖర్చుల బిల్లులు నెలల తరబడి కదలడం లేదని, కారుణ్య నియామకం కోసం దరఖాస్తు చేసుకున్న కుటుంబానికి జవాబైనా ఇవ్వలేదని ప్రచారంలో ఆ అభ్యర్థి చెప్పిన మాటలన్నీ ఆ అధికారి బల్ల మీది ఫైళ్ల గురించినవే. గెలిచిన వ్యక్తికి పదవి ఉంటుంది, రిజిస్ట్రార్‌ను నేరుగా కలిసే వీలు ఉంటుంది, వెనుక సంఘం ఉంటుంది. ఇబ్బంది పెడితే పదిమందికీ తెలుస్తుంది. ఓడిన వ్యక్తికి వీటిలో ఏ ఒక్కటీ ఉండదు. పదోన్నతి ఫైలు ఆగిపోయినా, దూరపు ప్రాంగణానికి బదిలీ అయినా, పరిపాలనా కారణాల రీత్యా అన్న ఒక్క ముక్కతో ఉత్తర్వు పూర్తవుతుంది. ఆ ఉత్తర్వుకూ పోటీ చేయడానికీ సంబంధం ఉందని నిరూపించడం ఒంటరి ఉద్యోగి వల్ల అయ్యే పని కాదు. ఒక్కరికి అలా జరిగితే చాలు, ఆ తర్వాత చాలా ఎన్నికల దాకా ఆ విభాగంలో నామినేషన్ పత్రం అడిగేవారే ఉండరు.

మన సంఘాలూ, వాటి నియమావళులూ గెలిచిన ప్రతినిధి హక్కుల గురించి ఎంతో కొంత మాట్లాడతాయి. ఓడిన అభ్యర్థి గురించి మాట్లాడిన సంఘాన్ని నేను ఎరగను. ఈ లోటును అంతర్జాతీయ కార్మిక సంస్థ అర్ధ శతాబ్దం కిందటే గమనించింది. 1971లో ఆ సంస్థ కార్మిక ప్రతినిధుల గురించి 135వ ఒప్పందాన్ని, దానికి అనుబంధంగా 143వ సిఫార్సును ఆమోదించింది. ప్రతినిధిగా ఉన్నందుకు గానీ, ప్రతినిధిగా చేసిన పనికి గానీ ఉద్యోగిని తొలగించడమే కాక, ఏ రకంగానూ నష్టపరచకూడదని ఒప్పందం చెబుతుంది. సిఫార్సు ఇంకో అడుగు ముందుకు వేసి, ఎన్నికలో అభ్యర్థులుగా నిలబడినవారికి కూడా అదే రక్షణ వర్తించాలని, పదవీకాలం ముగిసిన ప్రతినిధులకూ దానిని వర్తింపజేయవచ్చని పేర్కొంది. వివక్షతో తొలగించారన్న ఆరోపణ వచ్చినప్పుడు, తమ చర్య సమర్థనీయమని రుజువు చేసుకునే బాధ్యతను యాజమాన్యం మీదే ఉంచవచ్చని కూడా అందులో ఉంది. ఒంటరి ఉద్యోగి మోయలేని బరువును మోయగలిగిన పక్షం మీదికి మార్చడమే దీని సారాంశం. నా దృష్టిలో ఆ సిఫార్సు మొత్తంలో విలువైన మాట ఇదే.

జర్మనీ ఈ సూత్రాన్ని చట్టంలోనే రాసుకుంది. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఉద్యోగులు ఎన్నుకునే సిబ్బంది మండళ్లు ఉంటాయి. ఉద్యోగ తొలగింపుల నుంచి రక్షణ కల్పించే ఆ దేశపు చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం ఆ మండలి సభ్యులకు పదవీకాలమంతా, అది ముగిసిన తర్వాత ఏడాది పాటు, సాధారణ నోటీసుతో జరిగే తొలగింపు నుంచి రక్షణ ఉంటుంది. ఎన్నికల్లో నిలబడిన అభ్యర్థికి, గెలిచినా ఓడినా, ఫలితాలు ప్రకటించిన తర్వాత ఆరు నెలల దాకా ఆ రక్షణ కొనసాగుతుంది. ఎన్నికలు నిర్వహించే సంఘంలోని సభ్యులనూ చట్టం వదిలిపెట్టలేదు, ఎందుకంటే ఓట్లు నిజాయితీగా లెక్కించే ఉద్యోగికి కూడా శత్రువులు ఏర్పడవచ్చు. ఆరు నెలలు చిన్న గడువే. అయినా ఎన్నికల వేడి చల్లారడానికీ, కోపంలో తీసుకునే నిర్ణయాలు ఆగడానికీ అది సరిపోతుంది.

రక్షణ తర్వాత చెప్పవలసింది సమయం గురించి. ప్రతినిధిగా ఉండడమంటే సర్వసభ్య సమావేశంలో ప్రసంగించడం ఒక్కటే కాదు. క్రమశిక్షణ విచారణకు పిలుపు వచ్చిన ఉద్యోగి పక్కన కూర్చోవాలి, సర్వీసు నిబంధనలు చదవాలి, పింఛను లెక్కలో తేడా వచ్చిన విశ్రాంత ఉద్యోగి కోసం అకౌంట్స్ విభాగం చుట్టూ తిరగాలి, పాలకమండలి సమావేశానికి ముందే అజెండాను అర్థం చేసుకోవాలి. పరీక్షల కాలంలో, ప్రవేశాల కాలంలో సీటు వదిలి కదలలేని గుమాస్తా ఇవన్నీ ఎప్పుడు చేయగలరు? అధ్యాపకులకు తరగతుల మధ్య కొంత వెసులుబాటైనా దొరుకుతుంది. కౌంటర్ దగ్గర కూర్చునేవారికి, ప్రయోగశాల తాళాలు చేతిలో ఉన్నవారికి, షిఫ్టుల్లో పనిచేసే భద్రతా సిబ్బందికి అదీ లేదు. అందువల్ల పని భారం తక్కువగా ఉన్న సెక్షన్లవారో, పదవీ విరమణకు దగ్గరపడినవారో మాత్రమే పోటీకి సిద్ధపడతారు. సమావేశాలన్నీ కార్యాలయ వేళలు ముగిశాకే పెట్టుకోవడం వల్ల ఇంటి బాధ్యతలు మోసే మహిళా ఉద్యోగులు ఓటర్లుగా మిగిలిపోతున్నారే తప్ప అభ్యర్థుల జాబితాలోకి రాలేకపోతున్నారు. దీనికి వారి ఉత్సాహలోపాన్ని కారణంగా చూపడం అన్యాయం. జీతంలో, ఇతర ప్రయోజనాల్లో కోత లేకుండా ప్రతినిధులకు తగిన సమయం కేటాయించాలని 1971 నాటి సిఫార్సు చెప్పింది. దానికి సహేతుకమైన పరిమితి పెట్టుకోవచ్చని, ముందుగా పై అధికారి అనుమతి తీసుకోవాలని నియమం ఉండవచ్చని, ఆ అనుమతిని అకారణంగా నిరాకరించరాదని కూడా వివరించింది. దీనివల్ల సంస్థ పనులు కుంటుపడతాయన్న ఆందోళనకు అక్కడే జవాబు ఉంది.

ఇక ఓటరు ఎవరన్నది మరో ప్రశ్న. విశ్వవిద్యాలయ ఉద్యోగి అంటే ఎవరో న్యాయస్థానాలే పలుమార్లు తేల్చవలసి వచ్చింది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఉద్యోగం పోయిన బస్సు డ్రైవర్ల కేసులో 1963లో మన సుప్రీంకోర్టు, విద్యాసంస్థ పారిశ్రామిక వివాదాల చట్టం కిందికి రాదని తీర్పు చెప్పింది. 1978లో బెంగళూరు నీటి సరఫరా బోర్డు కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చి, విశ్వవిద్యాలయాలను కూడా పరిశ్రమ నిర్వచనంలోకి తీసుకువచ్చింది. పదేళ్ల తర్వాత, 1988లో, ఆ చట్టం దృష్టిలో ఉపాధ్యాయులు కార్మికులు కారని మరో తీర్పు వచ్చింది. అమెరికాలో 1980లో యెషీవా విశ్వవిద్యాలయం కేసులో, అక్కడి అధ్యాపకులు విద్యా విధానాలను తామే నిర్ణయిస్తున్నారు కాబట్టి యాజమాన్యంలో భాగమేనని, సంఘం ద్వారా బేరమాడే చట్టపరమైన రక్షణ వారికి లేదని సుప్రీంకోర్టు 5–4 మెజారిటీతో తేల్చింది. ఈ తీర్పుల లోతుల్లోకి వెళ్లడానికి ఈ లేఖ చాలదు. ఒక గీత ఎక్కడ గీశారన్న దాన్ని బట్టి వేల మంది లోపలికో బయటికో వెళ్లిపోతారన్న విషయం మాత్రం ఇక్కడ గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు ఆ గీత రెగ్యులర్ ఉద్యోగులకూ, కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సిబ్బందికీ మధ్య ఉంది. డేటా ఎంట్రీ ఆపరేటర్లు, ప్రయోగశాల సహాయకులు, హాస్టల్ వంటవారు, తోటపనివారు, పారిశుద్ధ్య సిబ్బంది ఏళ్ల తరబడి అదే ప్రాంగణంలో, అదే అధికారుల ఆదేశాల మేరకు పనిచేస్తున్నా, చాలాచోట్ల ఓటర్ల జాబితాలో వారి పేర్లు ఉండవు. ఏజెన్సీ వేరు, జీతం ఇచ్చే చెయ్యి వేరు అన్నది వారికి చెప్పే కారణం. పర్మినెంట్ ఖాళీలు భర్తీ కాని కొద్దీ ఓటర్ల సంఖ్య కుదించుకుపోతుంది, ఓటు లేనివారి సంఖ్య పెరుగుతుంది. అప్పుడు గెలిచిన ప్రతినిధి ఎవరి తరఫున మాట్లాడుతున్నట్టు? జర్మనీలో ప్రైవేటు సంస్థల ఉద్యోగ మండళ్ల చట్టాన్ని 2001లో సవరించినప్పుడు, ఏజెన్సీ ద్వారా వచ్చినవారు మూడు నెలలకు మించి పనిచేసే పక్షంలో ఆ సంస్థ ఎన్నికల్లో ఓటు వేయవచ్చని చేర్చారు. మన సంఘాలు తమ నియమావళిని సవరించుకుని, కనీసం ఏడాది పనిచేసినవారికి ఓటు హక్కునూ, ఒకటి రెండు ప్రత్యేక స్థానాలనూ ఇవ్వడానికి ఎంత మేరకు వీలుందో పరిశీలించాలి. సంఘం రిజిస్ట్రేషన్ నిబంధనలు అడ్డొస్తే, ఓటు లేని ఆహ్వానిత సభ్యులుగానైనా సమావేశాల్లో కూర్చోబెట్టాలి. ఈ మాటకు రెగ్యులర్ ఉద్యోగుల నుంచే వ్యతిరేకత వస్తుందని నాకు తెలుసు. తమ హక్కులు పలచబడతాయని వారు భయపడుతున్నారు. పక్క కుర్చీలో కూర్చున్న మనిషిని ఏ కారణం చెప్పకుండా మాన్పించగలిగే చోట తమ హక్కులు మాత్రం పదిలంగా ఉంటాయని వారు ఎలా నమ్మగలుగుతున్నారో నాకు అర్థం కాదు.

బోధనేతర సిబ్బంది ప్రాతినిధ్యానికి మరో ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. యునెస్కో 1997 నవంబరులో ఆమోదించిన సిఫార్సు, ఉన్నత విద్యాసంస్థల పాలక మండళ్లలో పాల్గొనే హక్కు, విద్యా సంబంధ మండళ్లకు అత్యధిక సభ్యులను ఎన్నుకునే హక్కు అధ్యాపకులకు ఉండాలని చెప్పింది. మంచి పత్రమే, కానీ అది అధ్యాపకుల హోదా కోసమే రాసినది. గుమాస్తాలకు, సాంకేతిక సిబ్బందికి, గ్రంథాలయ సహాయకులకు అలాంటి ప్రత్యేక పత్రం లేదు. పరిశోధన, బోధనలకు సంబంధించిన అన్ని విషయాల్లోనూ బోధనేతర వర్గాన్ని ఏ భేదం లేకుండా పాల్గొననివ్వరాదని జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 1973లో స్పష్టం చేసింది. దానితో నాకు పేచీ లేదు. పాఠ్యప్రణాళిక మీద తుది మాట పాఠం చెప్పేవారిదే కావాలి. బడ్జెట్, భవనాలు, నియామకాలు, సంక్షేమం, భద్రత మాత్రం పాఠ్యప్రణాళికలు కావు కదా. నార్వేలో 2005 నాటి చట్టం విశ్వవిద్యాలయ పాలక మండలిలోని 11 స్థానాల్లో ఒకదాన్ని సాంకేతిక, పరిపాలనా సిబ్బంది ఎన్నుకునే ప్రతినిధికి కేటాయించింది. ఒక్క స్థానంతో ఏ తీర్మానాన్నీ ఆపలేకపోవచ్చు, కానీ తీర్మానం ఎందుకు జరిగిందో ఆ గదిలో ఉండి విన్న మనిషి ఒకరు సిబ్బంది మధ్యకు తిరిగి వస్తారు.

ఓట్లు లెక్కించే పద్ధతి గురించి క్లుప్తంగా ఒక మాట. ప్రతి స్థానానికీ ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలిచే పద్ధతిలో, పరిపాలనా భవనంలో ఉన్న పెద్ద సెక్షన్లు ఒక పానెల్‌గా ఏర్పడితే స్థానాలన్నీ వారికే పోతాయి. గ్రంథాలయం, ఆరోగ్య కేంద్రం, దూరపు అనుబంధ ప్రాంగణాలు ఎన్నటికీ ప్రతినిధిని చూడవు. ఓటరు అభ్యర్థులకు 1, 2, 3 అని వరుస సంఖ్యలిచ్చే, వచ్చిన ఓట్ల నిష్పత్తికి దగ్గరగా స్థానాలు పంచే ప్రాధాన్యత ఓటు పద్ధతి, అంటే రాజ్యసభ ఎన్నికల్లో వాడేది, దీనికి మేలైన విరుగుడు. బ్రిటన్‌లో విశ్వవిద్యాలయ, కళాశాల ఉద్యోగుల సంఘం తన జాతీయ కార్యవర్గ ఎన్నికలకు ఆ పద్ధతినే అనుసరిస్తోంది. లెక్కింపు కొంచెం కష్టమే అయినా, ఫలితాల జాబితాలను రోజూ తయారు చేసే మనుషులకు అది పెద్ద పని కాదు.

యాజమాన్యాన్ని ఇంతసేపు అడిగిన తర్వాత అభ్యర్థులను కూడా అడగాలి. మన ఎన్నికల కరపత్రాల్లో హామీలు దండిగా ఉంటాయి. వేతన సవరణ, పాత పింఛను, కాంట్రాక్టు సిబ్బంది క్రమబద్ధీకరణ అన్నీ వరుసగా కనిపిస్తాయి. వీటిలో రిజిస్ట్రార్ స్థాయిలో తేలేవి ఏవి, పాలకమండలి తీర్మానం కావలసినవి ఏవి, ప్రభుత్వం నిర్ణయించవలసినవి ఏవి అన్న తేడా మాత్రం ఎక్కడా కనిపించదు. ఆ తేడా తెలిసిన అభ్యర్థి, సీనియారిటీ జాబితాను ఏటా ఫలానా నెలలో ప్రకటించేలా చూస్తానని, అభ్యంతరాలకు రాతపూర్వకంగా జవాబు వచ్చేలా చేస్తానని చెబితే చప్పట్లు తక్కువ పడవచ్చు. నేనైతే ఆ అభ్యర్థికే ఓటు వేస్తాను. గెలిచినవారు అధికారులతో జరిపిన ప్రతి సమావేశం సారాంశాన్ని వారం రోజుల్లోగా సిబ్బందికి రాతలో అందించాలి. వ్యక్తిగత క్రమశిక్షణ కేసుల వివరాలను మినహాయించడం సబబే, మిగతా విషయాల్లో గోప్యత ప్రతినిధినీ అధికారినీ దగ్గర చేసి సిబ్బందిని దూరం చేస్తుంది. ప్రతినిధిగా ఉన్న కాలంలో తమకు దక్కిన పోస్టింగులు, క్వార్టర్ల కేటాయింపు వంటి వాటిని కూడా వారు బహిరంగంగా ప్రకటించాలి.

పోటీ పెరిగితే వర్గాలు ఏర్పడి పని వాతావరణం చెడుతుందని అధికారులు తరచూ అంటారు, ఉద్యోగుల్లోనూ కొందరు అదే నమ్ముతారు. వర్గాలు ఎన్నికల వల్ల పుట్టవు, ఎన్నికల్లో బయటపడతాయి. ఓటు ద్వారా బయటపడే అవకాశం లేని చోట అవి ఆకాశరామన్న ఉత్తరాలుగా, కోర్టు కేసులుగా మారడం మన ప్రాంగణాల్లో అందరూ చూస్తున్నదే. రక్షణ పేరుతో పని ఎగ్గొట్టేవారు తయారవుతారన్న అభ్యంతరం అంతకంటే బలమైనది, దానిని తేలికగా తీసివేయను. అయితే అంతర్జాతీయ ఒప్పందం చెప్పిన రక్షణ, చట్టాలకూ అంగీకరించిన నిబంధనలకూ లోబడి ప్రవర్తించినంత వరకే. విధుల్లో నిర్లక్ష్యం చేసిన అభ్యర్థి మీద చర్య తీసుకోవడానికి ఎవరికీ అడ్డులేదు, కారణాన్ని కాగితం మీద రాసి, వేరొకరి పరిశీలనకు పెడితే చాలు. న్యాయమైన చర్య తీసుకునే అధికారికి అందులో కష్టమేమీ ఉండదు.

కాబట్టి విశ్వవిద్యాలయాల పాలకమండళ్లను, ఉద్యోగ సంఘాలను నేను కోరేది ఇది. నామినేషన్ వేసిన రోజు నుంచి ఫలితాలు వెలువడిన ఆరు నెలల వరకు ఏ అభ్యర్థినీ బదిలీ చేయాలన్నా, క్రమశిక్షణ చర్య తీసుకోవాలన్నా, బయటి సభ్యుడు ఒకరైనా ఉన్న కమిటీ రాతపూర్వక కారణాలను పరిశీలించి ఒప్పుకున్న తర్వాతే ఉత్తర్వు వెలువడేలా నిబంధన చేర్చాలి. ఓటర్ల జాబితాను కనీసం నెల రోజుల ముందు అన్ని విభాగాల నోటీసు బోర్డుల్లో పెట్టి, అభ్యర్థులందరికీ ఒకే రోజున ప్రతులు ఇవ్వాలి. కార్యాలయ వేళల్లోనే ఒక పూట అభ్యర్థులంతా సిబ్బంది ఎదుట మాట్లాడేందుకు అవకాశం కల్పించాలి. వీటికి కొత్త చట్టం కోసం ఎదురుచూడనక్కరలేదు, ఒక తీర్మానం, ఒక సర్క్యులర్ సరిపోతాయి.

పత్రికకు కూడా ఒక విన్నపం. ఇకపై ఏ ఉద్యోగ సంఘం కార్యవర్గమైనా ఏకగ్రీవంగా ఎన్నికైందని మీ విలేఖరులు రాసేటప్పుడు, మొదట ఎంతమంది నామినేషన్లు వేశారో, వారిలో ఎంతమంది ఉపసంహరించుకున్నారో కనుక్కుని, ఆ రెండు సంఖ్యలనూ అదే వార్తలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్వవిద్యాలయ బోధనేతర ఉద్యోగి